ఐరన్ షేక్, మా దాదా ముగ్దర్లు

అమెరికాలో అప్పట్లో రెజ్లింగ్ పెద్ద షోలు చూడాలంటే ఒక్కో షోకి విడిగా పైసలు కట్టాల్సి వచ్చేది. అట్లా కట్టిన ఇంటి టీవీలోనే ఆ రాత్రి ఆట వచ్చేది. పే పర్ వ్యూ అంటారు దాన్ని. మా అనంతపురంలో హిసాబు వేరే. కరెంటు ఉంటే చూసేది, లేకుంటే పడుకునేది. అయినా రెజిల్మేనియా, సమ్మర్‌స్లామ్ అనే పేర్లు మా గల్లీలో స్కూలుకి పోని పిల్లోడికి కూడా నోటికి వచ్చు.

మా ఇంటికి ఆ షోలు కేబుల్ కంటే ముందే వచ్చాయి. తెచ్చింది కదిరి మామూ. శనక్కాయ పంట వరసగా పోయి, వేసిన బోరల్లా ఎండిపోయి, ఆయన కువైట్‌కి డ్రైవరుగా పోయాడు. రెండేళ్లకే, 1990 ఆగస్టు 2న, సద్దాం ఫౌజు కువైట్‌లోకి దిగింది. ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చాడు. ఆ రెండు నెలల్లో మన సర్కారు అట్లా 1,70,000 మందిని దాకా వెనక్కి తెచ్చింది. మామూ ఇంటికి వచ్చేసరికి చేతిలో ఒక సంచి, ఒంటి మీద ఒక జత బట్టలు. సద్దాం పేరెత్తితే ఇప్పటికీ ఆయన ముఖం మారిపోతుంది. ఈ సంగతి యాదిలో పెట్టుకోండి, మళ్లా దీనికే వస్తాను.

జంగ్ అయిపోయాక మామూ మళ్లీ పోయాడు. తర్వాత సెలవుకి వచ్చినప్పుడు ఒక వీసీఆర్, కొన్ని క్యాసెట్లు తెచ్చాడు. సగం హిందీ సినిమాలు, సగం కుస్తీ.

మా దాదా తాలీంఖానా ఉస్తాద్. పీర్ల పండక్కి కుర్రాళ్లకి కర్రసాము నేర్పేవాడు. తెర మీద తెల్లోళ్ల చిందులు చూసి ఆయనకి నవ్వొచ్చేది. "సచ్చీ మార్తైఁ క్యా రే?" అని అడిగేవాడు, నిజంగానే కొట్టుకుంటున్నారా అని. ఒక క్యాసెట్‌లో మాత్రం ఒక మీసాల పహిల్వాన్, బట్టతల, ముక్కు తిరిగిన జోళ్లు, పెద్ద పెద్ద కట్టె గదలు రెండు భుజాల మీదుగా తిప్పుతున్నాడు. దాదా మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. అవి మా అటక మీదున్న ముగ్దర్లే. ఇరాన్‌లో వాటిని మీల్ అంటారని, వాళ్ల తాలీంఖానాకి జూర్‌ఖానా అని పేరని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. దాదాకి పేరు అక్కర్లేకపోయింది. "వీడు అసలైన పహిల్వాన్‌రా, మణికట్టు చూడు" అన్నాడు.

దాదా మాట నిజమే. ఐరన్ షేక్ అసలు పేరు హుసేన్ ఖోస్రో అలీ వజీరీ. 1942లో ఇరాన్‌లోని దామ్‌గాన్‌లో పుట్టాడు. 1971లో అమెరికా అమెచ్యూర్ గ్రీకో రోమన్ కుస్తీ టైటిల్ గెలిచాడు. అంత హునర్ ఉన్నోడికి రింగులో దొరికిన నౌకరీ ఏందంటే జెండా పట్టుకొని జనంతో తిట్లు తినడం. 1979 టెహ్రాన్ బందీల గుస్సా అమెరికా వాళ్లకి ఇంకా చల్లారలేదు. 1983 డిసెంబర్ 26న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాబ్ బ్యాక్‌లండ్ నుంచి టైటిల్ గెలిపించారు. నాలుగు వారాలకి, జనవరి 23న, అదే హాల్లో హల్క్ హోగన్‌కి ఓడించారు. హోగన్ జమానా షురూ అయ్యింది ఈయన వీపు మీదే.

మొదటి రెజిల్మేనియా 1985 మార్చి 31న, అదే హాల్లో. ఆ షోని అప్పుడు ఎక్కువ ఊళ్లలో థియేటర్ తెరల మీదే చూపించారు. ఆ రాత్రి ఐరన్ షేక్, నికొలాయ్ వోల్కాఫ్ జోడీ మేనేజర్ చేతికర్రతో దొంగ దెబ్బ కొట్టి ట్యాగ్ టైటిల్ గెలుచుకుంది. వోల్కాఫ్ రష్యావాడూ కాదు, యుగోస్లావియా నుంచి వచ్చినోడు. ఆఖరి ఆటకి రింగు బయట రెఫరీగా నిలబడింది ఎవరు? ముహమ్మద్ అలీ! జనం లేచి నిలబడి సలాం కొట్టారు. ఒకే రాత్రి, ఒకే హాల్లో, ఒక ముసల్మాన్‌కి తాళీలు, ఒక ముసల్మాన్‌కి గాలీలు. ఆ క్యాసెట్ నేను ఎన్నిసార్లు తిప్పానో లెక్క లేదు. అలీ కనిపించేది కాసేపే, దానికోసమే తిప్పేవాణ్ని.

ఇంక 1991. ఇరాక్ మీద బాంబులు పడటం మొదలైన రెండు రోజులకి, జనవరి 19న రాయల్ రంబుల్ షోలో సార్జెంట్ స్లాటర్ చాంపియన్ అయ్యాడు. అమెరికా సిపాయి వేషంలో ఒకప్పుడు ఐరన్ షేక్‌తో కొట్లాడినోడే, ఇప్పుడు సద్దాం తరఫున మారినట్టు నాటకం. మార్చి 24న రెజిల్మేనియా 7లో హోగన్ చేతిలో ఓడాడు. అక్కడితో ఆపలేదు. ఆగస్టు 26న సమ్మర్‌స్లామ్‌లో స్లాటర్‌కి తోడుగా ఇద్దరు దిగారు. ఒకడు జనరల్ అద్నాన్, ఆయన నిజంగానే బాగ్దాద్‌లో పుట్టినోడు. రెండోవాడు కల్నల్ ముస్తఫా, ఇరాకీ అఫ్సర్ వేషం. దగ్గర్నుంచి చూస్తే అదే మీసం, అదే మెడ. మన ఐరన్ షేక్!

ఇరాన్‌కీ ఇరాక్‌కీ ఎనిమిదేళ్లు జంగ్ జరిగి అప్పటికి మూడేళ్లే అయ్యింది. లక్షల జానాలు పోయాయి. ఆ ఇరానీకి ఇరాకీ ఫౌజు బట్టలు తొడిగారు. చూసేవాళ్లలో ఎంతమందికి తేడా తెలిసి ఉంటుంది? మామూ మాత్రం ఆ క్యాసెట్ సగంలో లేచిపోయేవాడు. సద్దాం ఫౌజు బట్టలు కుస్తీలో కూడా చూడబుద్ధి కాలేదంట.

మా చెరువు ఎండిపోయి ఉండేది. ఆ ఇసుకే మా రింగు. ఆట మొదలయ్యేటప్పుడు పాత్రలు పంచుకునేవాళ్లం. ఒకడు హోగన్, ఒకడు అండర్‌టేకర్. "సాయిబూ, నువ్వు షేక్‌రా" అనేవాళ్లు నాతో. దుష్మనీతో కాదు, వాళ్లంతా నా దోస్తులే, వాళ్లలో ఒకడి పేరు హుసేనప్ప, కురబోళ్ల పిల్లోడు. గూగూడు కుళ్లాయిస్వామికి వాళ్లింట్లో మా కంటే నిష్ఠగా ఒక్కపొద్దు ఉండేవాళ్లు. ఆ హుసేనప్ప హోగన్ అయ్యేవాడు, నేను ఓడేవాణ్ని. ఒకసారి "సద్దాం గాడు ఓడిపోయె" అని అరిచారు. మా మామూ సద్దాం వల్లనే రోడ్డున పడ్డాడ్రా అని చెప్పబోయాను. గొంతు రాలేదు. ఆరోజు ఇంటికి నడుచుకుంటూ వచ్చింది నాకు బాగా యాదుంది.

2005 నాటికి నేను పెద్దోణ్నయ్యాను, టెన్ స్పోర్ట్స్ వచ్చింది, ఐరన్ షేక్ లేడు. ముహమ్మద్ హసన్ వచ్చాడు. అసలు పేరు మార్క్ కొపానీ, ఇటలీ ఖాందాన్ కుర్రాడు. మొదట్లో వాడు చెప్పిన మాటలు సచ్చీ మాటలే: సెప్టెంబర్ 11 తర్వాత మమ్మల్ని అనుమానంగా చూస్తున్నారు, ఇన్సాఫ్ కావాలి అని. ఆ మాటలకే జనం చేత ఛీ కొట్టించారు. జులై 4న తీసిన స్మాక్‌డౌన్‌లో వాడు మోకాళ్ల మీద కూర్చుని దువా చేస్తుంటే ముసుగు మనుషులొచ్చి అండర్‌టేకర్ గొంతు నులుముతారు. అది టీవీలో వచ్చింది జులై 7న. లండన్‌లో బాంబులు పేలిన రోజు. గొడవయ్యింది, చానల్ వాడు ఇక వద్దన్నాడు. జులై 24న గ్రేట్ అమెరికన్ బాష్ షోలో అండర్‌టేకర్ చేత స్టేజీలోకి పారేయించి ఖతం చేశారు. కొపానీ తర్వాత బడిపంతులయ్యాడు.

హసన్ అంటే మా వైపు పల్లెల్లో పీరు. ఊరంతా ఎత్తుకొని మోసే పేరు. ఆ పేరుకి పదివేల మంది ఛీ కొట్టడం టీవీలో చూసి రిమోట్ పక్కన పెట్టేశాను. దాదా అప్పటికి లేడు. ఉంటే ఏమనేవాడో.

ఐరన్ షేక్‌కి ఆఖరికి ఒక గెలుపు దక్కింది. 2001 ఏప్రిల్ 1న రెజిల్మేనియా 17లో పాత పహిల్వాన్లందర్నీ పిలిచి బాటిల్ రాయల్ పెట్టారు. పై తాడు మీదుగా పడినోడు అవుట్. మోకాళ్లు పాడైపోయి ఈయన ఆ తాడు మీదుగా పడే హాలత్‌లో లేడు, అందుకని గెలిపించారు. నవ్వాలో ఏడవాలో తెలియని గెలుపు.

2023 జూన్ 7న ఆయన ఇంతెఖాల్ అయ్యాడు. ఖబర్ చదివి అటకెక్కాను. ఒక ముగ్దర్‌ని చెదలు తినేసింది. రెండోది బాగానే ఉంది. గాలికి తలుపు కొట్టుకోకుండా మా చెల్లెలు దాన్ని అడ్డం పెట్టుకుంటోంది.