కిష్టయ్య ఎక్కడికి వెళ్ళాడు? శ్యామ్ బెనెగల్ చిత్రాలు, కామాఠీపుర తెలుగువారు

'అంకుర్' (1974) చిత్రంలో కిష్టయ్య మూగ, చెవిటి కుమ్మరి. అల్యూమినియం గిన్నెలు వచ్చి కుండలకు గిరాకీ పోయింది. తాగుడుకు అలవాటుపడ్డాడు. దొరవారి చెట్ల కల్లు దొంగిలించాడని గుండు గీయించి, గాడిద మీద ఊరేగిస్తారు. ఆ అవమానంతో ఊరు విడిచిపోతాడు. చాలాకాలానికి తాగుడు మాని, నాలుగు డబ్బులు చేతబట్టుకొని భార్య లక్ష్మి దగ్గరికి తిరిగి వస్తాడు. ఈ మధ్యకాలంలో అతడు ఎక్కడున్నాడు? ఏ పని చేశాడు? చిత్రం చెప్పదు. కథకు ఆ అవసరం లేదు. కాని ముంబయిలో తెలుగు చదువుకుంటున్న మనకు ఆ అవసరం ఉంది. తెలంగాణ పల్లెల నుంచి అట్లా వెళ్ళిపోయినవారు చేరుకొన్న చోట్లలో కామాఠీపుర గల్లీలు, వర్లీ, లోయర్ పరేల్ చాళ్ళు కూడా ఉన్నాయి. ఈ ప్రశ్నను దగ్గర పెట్టుకొని బెనెగల్ జీవితాన్నీ, ఆయన తెలంగాణ చిత్రాలనూ ఈ వ్యాసంలో పరిశీలించదలిచాము.

కామాటి అంటే మట్టిపని, కట్టడపు పని చేసే కూలీ. 18వ శతాబ్దం చివరి భాగంలో బొంబాయి దీవుల మధ్య నీటిని కట్టలు వేసి ఆపి, పల్లపు నేలను పూడుస్తున్నప్పుడు నిజాం రాజ్యం నుంచి వచ్చిన కూలీలు అక్కడ గుడిసెలు వేసుకొన్నారు. వారి పేరే పేటకు నిలిచింది. తరువాత వస్త్రాల మిల్లులు వచ్చాయి. మగ్గం వదిలిన పద్మశాలీలు వాటిలో చేరారు. ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుట్టారు. బ్రిటిషువారి కాలంలోనే ఆ పేటలో కొన్ని వీధులు వేశ్యావాటికగా మారడంతో కూలీల పేరు మరొక అర్థంలో లోకానికెక్కింది. చిరునామా చెప్పడానికి మన పిల్లలు తడబడటం వెనుక ఉన్న చరిత్ర ఇంతే.

బెనెగల్ కూడా అదే దారిన బొంబాయి వచ్చినవాడు. అయితే తట్ట, పార పట్టుకొని కాదు. 1934 డిసెంబరు 14న సికింద్రాబాదు తిరుమలగిరిలో కొంకణి కుటుంబంలో పుట్టారు. తండ్రి ఫొటోగ్రాఫర్. తండ్రి కెమెరాతో పన్నెండేళ్ళ వయసులోనే ఒక చిత్రం తీశారు. ఉస్మానియాలో అర్థశాస్త్రం చదివారు, హైదరాబాదులో ఫిల్మ్ సొసైటీ స్థాపించారు. 1959లో బొంబాయిలో లింటాస్ ప్రకటనల సంస్థలో రచయితగా చేరారు. కాలేజీ రోజుల్లో రాసుకొన్న 'అంకుర్' కథకు పెట్టుబడి దొరకడానికి పన్నెండేళ్ళకు పైగా పట్టింది. చివరికి డబ్బు పెట్టినది థియేటర్లలో ప్రకటన చిత్రాలు వేయించే బ్లేజ్ సంస్థ. అంటే దొరతనాన్ని ఎండగట్టిన చిత్రానికి సబ్బుల, పేస్టుల వ్యాపారం నుంచి సొమ్ము వచ్చింది! ఎల్లారెడ్డిగూడలో తీసిన ఆ చిత్రం షబానా ఆజ్మీకి, కిష్టయ్యగా నటించిన సాధు మెహర్‌కు జాతీయ పురస్కారాలు తెచ్చింది. 1945 నాటి తెలంగాణ జమీందారీ దౌర్జన్యాన్ని చూపిన 'నిశాంత్' (1975) మరుసటి ఏడు కాన్ చిత్రోత్సవంలో పోటీకి వెళ్ళింది.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. లక్ష్మీ, కిష్టయ్యా మన ఊరివాళ్ళే. కాని ఆ ఊరు తెరమీద మాట్లాడేది దక్కనీ హిందీ. దేశమంతటా ఆడించవలసిన చిత్రానికి అది అనివార్యమని కొందరు అంటారు. దక్కనీ కూడా ఆ నేల భాషేనన్నది నిజం. అయినా పాలేరు ఇంట్లో, పొలం గట్టున వినబడవలసిన తెలుగు వినబడలేదు. 1978లో 'అనుగ్రహం' తెలుగులో తీశారు. వాణిశ్రీ, రావు గోపాలరావు నటించారు, హిందీలో 'కొండురా' పేరుతో వచ్చింది. అయితే దానికి ఆధారం ఖానోల్కర్ మరాఠీ నవల. తెలంగాణ కథకు హిందీ, మరాఠీ కథకు తెలుగు: ఈ తారుమారు మనకు వింతగా తోస్తుంది.

మన చాళ్ళకు అన్నిటికంటె దగ్గరి చిత్రం 'సుస్మన్' (1987) అని మా అభిప్రాయం. దీనిని ఎక్కువమంది చూడలేదు. పోచంపల్లి నేతగాడు రాములుగా ఓం పురి, భార్య గౌరమ్మగా షబానా ఆజ్మీ నటించారు. విదేశీ ప్రదర్శనకు చీరలు నేసే ఇంట్లో కూతురి పెళ్ళికి పట్టుచీర కరువు. అప్పగించిన పట్టులోంచే కొంత దాచుకోవలసి వస్తుంది. చేనేత సహకార సంఘాల సమాఖ్య డబ్బుతో తీసిన చిత్రం గనుక, ఊళ్ళోనే నిలబడగలమన్న ఆశ అందులో ఉండటం సహజం. కాని ఆ ఏడాదికి ముంబయి సంగతి ఏమిటి? 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పాల్గొన్నారు. తరువాత చాలామందికి మళ్ళీ పని దొరకలేదు. మగ్గం నుంచి మిల్లుకు వచ్చిన శాలి, మిల్లు మూతపడితే తిరిగి ఏ మగ్గం దగ్గరికి పోవాలి? 'సుస్మన్' వదిలిన సగం కథ ఇది. దాన్ని ఎవరూ తీయలేదని కాదు, మరాఠీలో గిరణ్‌గావ్ కథలు వచ్చాయి. తెలుగు కార్మికుడు వాటిలో మధ్యలో నిలబడలేదు.

'మండీ' (1983) వేరే తీరు. పట్నం నుంచి వేశ్యాగృహాన్ని బయటికి తరిమితే, పట్నమే దాని చుట్టూ పెరుగుతుంది. గులాం అబ్బాస్ ఉర్దూ కథ దానికి మూలం. కథాస్థలం హైదరాబాదు. 'సలాం బాంబే' (1988), 'గంగూబాయి కాఠియావాడీ' (2022) చూసినవారికి కామాఠీపుర అంటే ఎర్రదీపాలే. మేస్త్రీలూ, బీడీలు చుట్టే అమ్మలూ ఆ కథలకు కేంద్రం కాలేదు.

బెనెగల్‌కు 2005 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించింది. 2024 డిసెంబరు 23న ముంబయిలోనే కన్నుమూశారు.

విద్యార్థులకు మా కోరిక ఒకటి. మీ ఇంట్లోనో పక్క ఖోలీలోనో ఉన్న పెద్దలతో కలిసి 'అంకుర్' చూడండి. కిష్టయ్య ఊరు విడిచిన చోట చిత్రాన్ని ఆపి, తాతగారు ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరంలో, ఎవరి వెంట వచ్చారో, మొదట దొరికిన పని ఏమిటో అడగండి. వారు చెప్పింది వారి మాటల్లోనే, వారి తెలుగులోనే రాసి తెచ్చి ఇవ్వండి.