చెల్పూరు యార్డు: బొగ్గు లెక్కా, బూడిద లెక్కా

కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం చరిత్ర అనగానే 2010లో 500 మెగావాట్లు, 2016లో మరో 600 అని చెప్పుకుంటాం. రెండూ గర్వించదగ్గవే. అయితే ఈ కేంద్రం భూపాలపల్లి దగ్గరి చెల్పూరులోనే ఎందుకు వెలిసిందన్నది అంతకంటే ముఖ్యమైన సంగతి. పందొమ్మిదో శతాబ్దం చివర ఇల్లందు బొగ్గు కోసం డోర్నకల్ నుంచి రైలు పట్టాలు వేశారు. అప్పటి నుంచి మన బొగ్గు చాలావరకు దూరాభారం వెళ్లి మండింది. భూపాలపల్లికి రైలు లేదు. అందుకే ఇక్కడ గనులకు దగ్గర్లోనే బాయిలర్ పెట్టి, బొగ్గుకు బదులు కరెంటును బయటికి పంపారు. వెలుగు అందరికీ చేరింది, దుమ్మూ బూడిదా మాత్రం ఇక్కడే మిగిలాయి. కాబట్టి ఈ కేంద్రం ఘనతను ఎంత కరెంటు ఇచ్చిందన్న దానితో పాటు, ఎంత ముప్పును తన ఆవరణ దాటనివ్వలేదన్న దానితోనూ కొలవాలన్నది నా వాదన.

యూనిట్ కరెంటుకు సుమారు 0.65 కిలోల బొగ్గు కావాలనుకుంటే, కేంద్రంలోని రెండు ఉత్పత్తి యూనిట్లూ పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున దాదాపు 17 వేల టన్నులు మండుతుంది. అందులో మూడో వంతు బూడిదే అనుకున్నా రోజుకు 5,500 టన్నులు దాటుతుంది. ముప్పు పొగగొట్టం దగ్గర మొదలవదు, యార్డులోనే మొదలవుతుంది. కుప్పపోసిన బొగ్గు గాలి తగిలి లోలోపలే వేడెక్కి తనంతట తానే అంటుకుంటుంది. అందుకే కుప్పను రోలర్లతో అణచాలి, ముందు వచ్చిన బొగ్గును ముందే బంకర్‌కు పంపాలి. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లాలి, ఆ నల్లనీరు వాగులో కలవకుండా గుంటల్లో తేర్చాలి. బాయిలర్ వెలిగించే నూనె ట్యాంకుల చుట్టూ కట్ట ఉండాలి. పొగలోని బూడిదను ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు (ఈఎస్‌పీలు) 99 శాతానికి పైగా పట్టేస్తాయి నిజమే. పట్టిన బూడిద మాయమవదు కదా! సిమెంటుకో ఇటుకలకో పోనిదంతా బూడిద చెరువుకే చేరుతుంది. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సాసన్ విద్యుత్ కేంద్రం బూడిద కట్ట తెగి, పిల్లలతో సహా ఆరుగురు కొట్టుకుపోయారు. మన దగ్గర 2023 జూలై 27న మోరంచవాగు ఒక్క రాత్రిలో మోరంచపల్లిని ముంచేసింది. అంతటి వాన పడే నేల మీద కట్టల బలాన్ని సగటు వర్షపాతంతో లెక్కగట్టడం చాలదు.

ఈ కరెంటు లేకపోతే జనగామ జిల్లా రైతుల బోర్లు ఎలా నడుస్తాయని అడిగేవారున్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ ఇస్తున్న రాష్ట్రంలో అది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. కానీ జనగామ పొలానికి నీళ్లు కావాలంటే చెల్పూరు పొలం మీద దుమ్ము పడాల్సిందేనన్న నియమమేమీ లేదు. నీళ్లు చల్లే ఖర్చు, కట్ట గట్టిచేసే ఖర్చు కూడా యూనిట్ ధరలో భాగమే. నేడు దాన్ని మిగిల్చితే రేపు దగ్గు మందుల రూపంలో చుట్టుపక్కల ఇళ్లవారు కడతారు. నిబంధనలు పాటిస్తే చాలదా అన్నది ఇంకో మాట. 2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ బూడిదనంతా వినియోగించాలంది. వినియోగం శాతాలు కాగితం మీద ఉంటాయి. బూడిద లారీ మీద టార్పాలిన్ ఉందో లేదో ఆ దారిలో నడిచేవారికే తెలుస్తుంది. సోలార్ వస్తోంది, పాత కేంద్రానికి ఇంత ఖర్చెందుకని అనేవారికీ జవాబుంది: బాయిలర్ ఆరిన రోజున కూడా బూడిద చెరువు అక్కడే ఉంటుంది, దాని కట్టను ప్రతి వానాకాలానికి ముందూ ఎవరో ఒకరు చూడాల్సిందే. ఆ తనిఖీ నివేదికనూ, రోజువారీ బూడిద లెక్కనూ తెలుగులో చెల్పూరు పంచాయతీ గోడ మీద పెట్టడం ఈ ఏడాదే మొదలుకావాలి.