ఫైలు తెరిచి ఉన్న కాలం, పని చేసిన కాలం

జాతకం వేసేవాడు పుట్టిన వేళను గడియలు, విఘడియలతో సహా రాస్తాడు. లెక్క అంత సూక్ష్మంగా ఉంది కాబట్టి ఫలితం కూడా నిజమేనని చాలామంది నమ్ముతారు. మనం నవ్వుతాం. కానీ కంప్యూటరు తెర మీద దశాంశ బిందువు తర్వాత ఎనిమిది అంకెలు కనబడితే మనలోనూ చాలామందికి నోరు పెగలదు. ఇది ఆ రెండో నమ్మకం గురించి.

పనికాలాన్ని కొలవాలనే తపన పాతదే. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ 1880లలో మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో స్టాప్‌వాచ్ పట్టుకుని కార్మికుల పనిని ముక్కలు చేసి కొలవడం మొదలుపెట్టాడు. దాన్ని శాస్త్రం అన్నాడు. 1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ సైనిక ఆయుధాగారంలో పోత పనివాళ్లు, గడియారం ముందు పని చేయం అంటూ బయటికి నడిచారు. తమను అలా కొలవడం అవమానం అన్నారు. అమెరికన్ కాంగ్రెసు విచారణ జరిపింది. 1915లో సైన్యానికి నిధులిచ్చే చట్టంలోనే ఒక షరతు చేర్చారు: ఆ డబ్బుతో కార్మికులను స్టాప్‌వాచ్‌తో కొలవకూడదు. అలాంటి నిషేధం 1949 దాకా కొనసాగింది. రక్షణ పద్దుల శాఖలో జీవితం గడిపినవాణ్ణి కనుక నాకిది ముచ్చటగా ఉంటుంది. ఒక సిద్ధాంతాన్ని అడ్డుకున్నది బడ్జెట్‌లోని ఒక్క వాక్యం!

ఇప్పుడు స్టాప్‌వాచ్ బొమ్మ గీసే ఫైలు లోపలికే వచ్చి కూర్చుంది. 1982లో వెలువడిన ఆటోక్యాడ్‌లో, తర్వాతి కాలంలో, టైమ్ అనే ఆదేశం చేరింది. ప్రతి డ్రాయింగ్‌లో ఎంతసేపు మార్పులు జరిగాయో టీడీఇన్‌డీడబ్ల్యూజీ అనే లెక్కపెట్టెలో పోగవుతుంది. తేదీలకు వాడింది జూలియన్ దినసంఖ్య పద్ధతి. స్కాలిజర్ 1583లో ప్రతిపాదించిన కాలచక్రం నుంచి వచ్చిన ఈ పద్ధతిలో క్రీ.పూ. 4713 జనవరి 1 నుంచి రోజులు లెక్కిస్తారు. మన సిద్ధాంత గ్రంథాల అహర్గణం లాంటిదే. పనికాలాన్నీ రోజుల్లోనే దాస్తారు. 0.5 అంటే పన్నెండు గంటలు.

1986లో ఆటోలిస్ప్ భాష రావడంతో, వాడేవాళ్లే ఈ అంకెను చదివి పట్టీలు తయారుచేసే చిన్న పనిముట్లు రాసుకోగలిగారు. ఆటోక్యాడ్ 2000తో విజువల్ లిస్ప్ చేరాక, ఏ ఆదేశం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో నమోదు చేయడం కూడా సాధ్యమైంది.

నేను రిటైరయ్యాక, తెలిసినవాళ్ల డ్రాయింగ్ ఆఫీసులో లెక్కలు చూసిపెట్టేవాణ్ణి. అక్కడొక డ్రాఫ్ట్స్‌మన్ జీతంలో కోత పడింది. ఒక డ్రాయింగ్‌కి 54 గంటలు పట్టిందని రాశాడు. పనిముట్టు ఇచ్చిన పట్టీ 18 అంటోంది. "కంప్యూటర్ అబద్ధం చెబుతుందా సార్?" అన్నాడు యజమాని. కుర్రాడు తల దించుకుని నిలబడ్డాడు.

లెక్కపెట్టెలో ఉన్న అసలు అంకె చూపించమన్నాను. 2.25. పనిముట్టు రాసినవాడు రోజంటే ఎనిమిది గంటలనుకుని హెచ్చించాడు. యంత్రానికి రోజంటే ఇరవైనాలుగు. 2.25ని 24తో హెచ్చిస్తే 54.

కుర్రాడు గెలిచాడనుకున్నారా? ఆగండి. హాజరు పుస్తకం తెప్పించాను. ఆ డ్రాయింగ్ మీద అతను అయిదు రోజులు, రోజుకి తొమ్మిది గంటలు ఆఫీసులో ఉన్నాడు. మొత్తం 45. మరి 54 ఎలా వచ్చింది? ఒక సాయంత్రం ఆరింటికి ఫైలు మూయకుండా వెళ్లి, మర్నాడు తొమ్మిదికి వచ్చాడట. ఆ 15 తీసేస్తే 39. అతను కావాలని మోసం చేయలేదు. తెర మీది అంకెనే ఎత్తి రాశాడు. అతని తప్పూ యజమాని తప్పూ ఒక్కటే.

ఆ 39 కూడా ఫైలు తెరిచి ఉన్న కాలమే, పనికాలం కాదు. భోజనానికి వెళ్లినా లెక్కపెట్టె తిరుగుతూనే ఉంటుంది. సేవ్ చేయకుండా బయటికొస్తే అప్పటిదాకా పడ్డ శ్రమ చేరదు. పాత డ్రాయింగ్‌ని వేరే పేరుతో సేవ్ చేసి మొదలుపెడితే పాత గంటలూ వెంట వస్తాయి. కాసేపు ఆదేశమేదీ ఇవ్వకపోతే ఆగిపోయేలా పనిముట్టు రాసుకోవచ్చు. అప్పుడు గోడ మందం గురించి ఇంజనీరుతో మాట్లాడిన అరగంట సోమరితనం కిందికి పోతుంది. ఆలోచన మౌస్‌ని కదపదు మరి.

కొలవడం తప్పని నేననను. కొలవకపోతే హేతువాదం లేదు. మా ఉద్యోగంలో గేటు హాజరునీ, జాబ్ కార్డు మీది గంటలనీ పక్కపక్కన పెట్టి చూడనిదే ఏ అంకెనీ ఒప్పుకునేవాళ్లం కాదు. ఈ అంకె దేన్ని కొలుస్తోంది, ఏ ప్రమాణంలో కొలుస్తోంది అని అడగకుండా తలూపడం, గడియ విఘడియలకు తలూపడం కన్నా గొప్పదేమీ కాదు.

పనిముట్టులో 8 తీసి 24 పెట్టారు. కోసిన జీతం తిరిగి ఇచ్చారు. కుర్రాడు ఇప్పుడు సాయంత్రం ఫైలు మూసి వెళుతున్నాడు.