చరిత్రలో డిసెంబర్ 25: మహాడ్ నుంచి కీళ్వెణ్మణి దాకా

డిసెంబర్ 25 అనగానే క్రిస్మస్ గుర్తొస్తుంది. మన పల్లెల్లో చర్చి మీద నక్షత్రం వెలిగే రోజు అది. 2014 నుంచి ప్రభుత్వం ఆ రోజును వాజ్‌పేయి జయంతి పేరిట సుపరిపాలన దినంగా కూడా జరుపుతోంది. క్యాలెండర్లలో కనిపించని రెండు సంఘటనలు ఇదే తేదీన జరిగాయి. వాటితో పాటు ఈ రోజుకు సంబంధించిన మరికొన్ని విషయాలను ఇక్కడ ఇస్తున్నాం.

1927 - మనుస్మృతి దహనం

మహారాష్ట్ర కొంకణ్ ప్రాంతంలోని మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు అంటరానివాళ్లకు అందేవి కావు. 1924లోనే పురపాలక సంఘం చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసినా అది కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. అగ్రకులాల వాళ్లు దళితులపై దాడి చేశారు, తర్వాత పేడ, గోమూత్రం కలిపిన కుండలు కుమ్మరించి చెరువును 'శుద్ధి' చేశారు.

డిసెంబర్‌లో రెండో సభ పెడితే స్థలం ఇచ్చేవాళ్లు లేకపోయారు. చివరికి ఫత్తేఖాన్ అనే ముస్లిం తన నేల ఇచ్చారు. ఈలోగా ప్రత్యర్థులు కోర్టుకెళ్లి అంబేడ్కర్ చెరువు దగ్గరికి వెళ్లకుండా తాత్కాలిక నిషేధం తెచ్చుకున్నారు. డిసెంబర్ 25 రాత్రి సభా ప్రాంగణంలో గొయ్యి తీసి, అందులో మనుస్మృతిని తగలబెట్టారు. ఆ తీర్మానం ప్రతిపాదించినది అంబేడ్కర్ సహచరుడు, పుట్టుకతో బ్రాహ్మణుడైన గంగాధర్ నీలకంఠ్ సహస్రబుద్ధే. కోర్టు నిషేధం ఉండడంతో సత్యాగ్రహాన్ని వాయిదా వేశారు. చెరువు కేసు పదేళ్లు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు దళితుల పక్షాన తీర్పు ఇచ్చింది.

స్త్రీలకు స్వాతంత్ర్యం లేదని చెప్పిన గ్రంథం కాలిన రోజు కాబట్టి, కొన్ని మహిళా సంఘాలు దీన్ని భారతీయ స్త్రీ విముక్తి దినంగా జరుపుతున్నాయి.

1968 - కీళ్వెణ్మణి

తమిళనాడులో అప్పటి తంజావూరు జిల్లాలోని ఈ పల్లెలో దళిత కూలీలు ఎర్రజెండా సంఘంలో చేరి, కూలి గింజలు కాస్త పెంచమని అడిగారు. జెండా దించేయమని భూస్వాముల సంఘం ఒత్తిడి చేసింది. కూలీలు దించలేదు. డిసెంబర్ 25 రాత్రి పల్లె మీద దాడి జరిగింది. ప్రాణభయంతో ఒక గుడిసెలో దాక్కున్నవాళ్లను బయటి నుంచి మూసి నిప్పంటించారు. 44 మంది సజీవ దహనమయ్యారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు.

1970లో కింది కోర్టు భూస్వాముల సంఘం నాయకుడితో సహా కొందరికి జైలుశిక్ష వేసింది. 1973లో మద్రాసు హైకోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలేసింది. అంత ఆస్తిపరులు స్వయంగా నడిచివెళ్లి గుడిసెలు తగలబెట్టారంటే నమ్మలేమన్నది ఆ తీర్పులోని వాదన.

పుట్టినవాళ్లు, కన్నుమూసినవాళ్లు

1861 - మదన్‌మోహన్ మాలవీయ జననం. 1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందంపై సవర్ణ హిందువుల తరఫున సంతకం చేసిన ముఖ్యుడు. అణగారిన వర్గాల ప్రత్యేక నియోజకవర్గాలు ఆ ఒప్పందంతో పోయాయి.

1924 - అటల్ బిహారీ వాజ్‌పేయి జననం.

1972 - చక్రవర్తుల రాజగోపాలాచారి మరణం. మద్రాసు ముఖ్యమంత్రిగా 1953లో పిల్లలకు పూటబడి పెట్టి, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోమన్నారు. దాన్ని కులవిద్య పథకమని పేరుపెట్టి ఎదిరించారు. 1954లో ఆయన పదవి వదులుకున్నారు, పథకమూ పోయింది.

ఈ తేదీ మనకెందుకు?

మహాడ్‌లో కాలింది ఒక పుస్తకం. ఆ పుస్తకంలోని న్యాయం మాత్రం 1973 తీర్పు నాటికీ బతికే ఉంది: ఎవరి మాట నమ్మాలో మనిషి హోదాను బట్టి తేల్చారు. తెలుగు నేల మీద కూడా ఇలాంటి అనుభవం ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ కేసులో శిక్షపడిన అందరినీ వదిలేసింది.

అందుకే డిసెంబర్ 25న సభ పెట్టుకునే విద్యార్థి మిత్రులకు మా సూచన ఒకటే. మనుస్మృతి దహనం గురించి చెప్పేటప్పుడు కీళ్వెణ్మణి 44 మందిని కూడా తలుచుకోండి. ఆ రెండు తీర్పులూ సంపాదించి, కలిసి కూర్చుని చదవండి.