కిట్ భాగాలతోనే సైనిక వాహన నమూనాల నిర్మాణం

పెట్టెలో వచ్చిన భాగాలను మాత్రమే ఉపయోగించి ట్యాంకులు, సాయుధ శకటాలు, జీపులు, ట్రక్కులు మొదలైన సైనిక వాహనాల చిన్న నమూనాలను తయారుచేయుటను స్కేల్ మోడలింగ్ నందు "అవుట్ ఆఫ్ ది బాక్స్" నిర్మాణం అంటారు. సంక్షిప్తంగా దీనిని "ఓఓబీ" అని వ్యవహరిస్తారు. ఇతర సంస్థలు విడిగా అమ్మే రెజిన్ భాగాలు, లోహపు ఫిరంగి గొట్టాలు, పలుచని ఇత్తడి రేకుపై ఆమ్లంతో చెక్కిన ఫోటో ఎచ్ భాగాలు వంటివి ఇందులో వాడరాదు. నిర్మాత సొంతంగా భాగాలను తయారుచేసి అతికించుట కూడా సాధారణంగా నిషిద్ధం. ఇది ఒక అభిరుచి పద్ధతి మాత్రమే కాక, నమూనాల పోటీలలో ప్రత్యేక విభాగం కూడా.

చరిత్ర

ప్లాస్టిక్ నమూనాల కిట్లు రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి దశాబ్దాలలో బ్రిటన్, అమెరికా, జపాన్ దేశాలలో బాగా వ్యాపించినవి. బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ ట్యాంకులను 1/76 స్కేలులో విడుదల చేసింది. నేడు సైనిక వాహనాలకు ఎక్కువగా వాడే స్కేలు 1/35. అనగా అసలు వాహనంపై 35 సెంటీమీటర్ల పొడవు నమూనాపై 1 సెంటీమీటరు అవుతుంది.

ఈ స్కేలు వెనుక ఒక ఆసక్తికరమైన కారణం కలదు. జపాన్‌లోని షిజువోకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన తమియా సంస్థ తరువాత చెక్క నమూనాలు తయారుచేసి, 1960లో ప్లాస్టిక్ నమూనాల రంగంలో ప్రవేశించింది. 1960 దశకం తొలి సంవత్సరాలలో ఈ సంస్థ జర్మనీ పాంథర్ ట్యాంకును మోటారుతో నడిచే నమూనాగా విడుదల చేసింది. మోటారు, బ్యాటరీలు లోపల పట్టేటట్లు ఆ ట్యాంకు పరిమాణాన్ని నిర్ణయించారు. ఆ పరిమాణం అసలు ట్యాంకులో సుమారు 35వ వంతు కావడంతో, తరువాతి నమూనాలను కూడా అదే స్కేలులో తయారుచేశారు. 1968లో ఒక జర్మన్ ట్యాంకు సిబ్బంది బొమ్మల సెట్టుతో తమియా "మిలిటరీ మినియేచర్" శ్రేణి ప్రారంభమైంది. ఇటలీలోని ఇటలేరి, హాంకాంగ్‌లోని డ్రాగన్ మొదలైన సంస్థలు కూడా 1/35 స్కేలునే అనుసరించినవి.

ఔత్సాహికుల సంఘాలలో ప్రముఖమైన ఇంటర్నేషనల్ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ బ్రిటన్‌లో 1963లో ఏర్పడింది. మరుసటి సంవత్సరం అమెరికా శాఖ మొదలైంది. కాలక్రమంలో విడి భాగాలను అమ్మే చిన్న సంస్థలు అనేకం వచ్చినవి. ఒక్కొక్కసారి ఈ భాగాల ఖర్చు అసలు కిట్ ధరను మించిపోతుంది. అటువంటి నమూనాల సరసన సాధారణ కిట్‌తో చేసిన నమూనాను ఉంచి తీర్పు చెప్పుట కష్టం. కొనుగోలు శక్తి తేడాను పక్కన పెట్టి చేతిపనిని మాత్రమే పోల్చుటకు ఓఓబీ విభాగాలు ఉపయోగపడినవి.

నియమాలు

నియమాలు సంఘాన్ని బట్టి, కాలాన్ని బట్టి కొంత మారుతుంటాయి. అయితే ఈ క్రింది అంశాలు సాధారణంగా కనిపిస్తాయి.

అనుమతించబడేవి:
* అతుకుల సందులను పుట్టీ (లప్పం)తో పూడ్చి నునుపు చేయుట
* మందంగా ఉన్న అంచులను అరగదీసి పలుచగా చేయుట
* ఫిరంగి మూతి, పొగ గొట్టం వంటి మూసి ఉన్న రంధ్రాలను తొలిచి తెరచుట
* రేడియో ఏంటెన్నా అమర్చుట
* రంగులు వేయుట, దుమ్ము, బురద, తుప్పు చూపుట
* వేరే సంస్థ తయారుచేసిన డికాల్స్ (నీటిలో నానబెట్టి అతికించే గుర్తులు) వాడుట

అనుమతించబడనివి:
* విడిగా కొన్న రెజిన్, లోహ, ఫోటో ఎచ్ భాగాలు
* మరొక కిట్ నుండి తీసుకొన్న భాగాలు
* ప్లాస్టిక్ రేకు, తీగ మొదలైన వాటితో సొంతంగా చేసిన భాగాలు

ఫోటో ఎచ్ రేకు కిట్ పెట్టెలోనే ఉన్నట్లయితే దానిని వాడవచ్చును. తీర్పరులు పోల్చి చూచుటకు వీలుగా కిట్‌తో వచ్చిన సూచనల పత్రాన్ని నమూనా పక్కన ఉంచమని అడగడం పరిపాటి. కొన్ని విషయాలు మధ్యస్థంగా ఉంటాయి. ఉదాహరణకు, పోత ఉక్కు గరుకుదనాన్ని పుట్టీతో చూపుట అలంకరణ అవుతుందా, కొత్త భాగం చేర్చినట్లు అవుతుందా అనే ప్రశ్నకు అన్ని చోట్ల ఒకే జవాబు ఉండదు. అటువంటి వాటిని పోటీ నిర్వాహకులను ముందుగానే అడిగి తెలుసుకొనుట మంచిది.

నిర్మాణ విధానం

భాగాలను వేరుచేయుట: భాగాలు "స్ప్రూ" అనే ప్లాస్టిక్ చట్రానికి అతికి ఉంటాయి. వాటిని చేతితో విరచరాదు. చిన్న కటింగ్ ప్లయర్‌తో భాగానికి కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన ముక్కను పదునైన కత్తితో తీసి, ఆకురాయితోనో గరుకు కాగితంతోనో నునుపు చేయాలి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట భాగంపై సన్నని గీత ఏర్పడుతుంది. అచ్చు నుండి భాగాన్ని బయటకు నెట్టే కడ్డీల వలన గుండ్రని గుర్తులు పడతాయి. బయటకు కనిపించే చోట ఈ రెండింటినీ తొలగించాలి.

అతుకులు: ఈ కిట్లు పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌తో చేసినవి. వీటికి వాడే ద్రవరూప సిమెంటు ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగించి రెండు భాగాలను ఒకటిగా చేస్తుంది. భాగాలను దగ్గరగా పట్టుకొని అతుకు మీద కుంచెతో తాకించిన చాలును, ద్రవం కేశాకర్షణం వలన సందులోనికి పాకుతుంది. అరగదీయుటకు ముందు ఒక రోజు ఆరనిచ్చుట మేలు. 1/35 స్కేలులో 0.3 మి.మీ. సందు అసలు వాహనంపై సుమారు 1 సెంటీమీటరు పగులుతో సమానం.

అయితే ప్రతి గీతనూ చెరిపివేయరాదు. పాత కిట్లలో ఫిరంగి గొట్టం తరచుగా రెండు సగాలుగా వస్తుంది. ఆ అతుకు అసలు గొట్టంపై ఉండదు కనుక దానిని పూర్తిగా మాయం చేయాలి. ఉక్కు పలకలు కలిసే చోట వెల్డింగు గీత మాత్రం అసలు ట్యాంకుపైనా ఉంటుంది. దానిని అరగదీస్తే నమూనా తప్పు అవుతుంది. ఏది అచ్చు గీత, ఏది వెల్డింగు గీత అన్నది తెలియాలంటే అసలు వాహనం ఛాయాచిత్రాలను చూడాలి. కొత్త భాగాలు చేర్చకపోయినా పరిశోధన అవసరమగుటకు ఇది ఒక కారణం.

చక్రాలు, ట్రాకులు: ట్యాంకు నమూనాలో లోపాలు ఎక్కువగా బయటపడేది ఇక్కడే. అన్ని చక్రాలు నేలను తాకాలి, ఒకే వరుసలో ఉండాలి. సిమెంటు పూర్తిగా ఆరకముందే సమతలమైన గాజు పలకపై నిలిపి సరిచూచుకోవచ్చును. ట్రాకులు మూడు రకాలుగా వస్తాయి: ఒకే పట్టీగా ఉండే మెత్తని వినైల్ రకం, పొడవు ముక్కలు, విడి లింకులు కలిపిన రకం, మొత్తం విడి లింకుల రకం. టీ-34 వంటి ట్యాంకులలో పైభాగాన ఆధార రోలర్లు లేవు. అందువలన బరువైన ట్రాకు రోడ్డు చక్రాలపై కుంగి కూర్చుంటుంది. వినైల్ పట్టీ తనంతట తాను అలా కుంగదు, దానిని చక్రాల పైభాగానికి జిగురుతో అంటించాలి. షెర్మన్‌కు ఆధార రోలర్లు ఉన్నవి కనుక దాని ట్రాకును అలా కుంగదీయరాదు.

రంగులు: ముందుగా ప్రైమరు పూత వేస్తే మిగిలిపోయిన గీతలు, సందులు బయటపడతాయి. మూల రంగు ఆరిన తరువాత డికాల్స్ అంటించవలసిన చోట మెరుపు వార్నిష్ పూయాలి. గరుకు ఉపరితలంపై డికాల్ అంటిస్తే దాని క్రింద గాలి చిక్కుకొని వెండి పూతవలె తెల్లగా మెరుస్తుంది. తరువాత మెరుపులేని వార్నిష్ వేసి అంతటినీ ఏకరూపంగా చేస్తారు. బాగా పలుచన చేసిన ముదురు రంగును మూలలలోనికి పారించుటను "వాష్" అనీ, దాదాపు ఆరిన కుంచెతో ఎత్తైన అంచులను తేలికగా తాకుటను "డ్రై బ్రష్" అనీ అంటారు. ఆక్రిలిక్ మూల రంగుపై ఎనామెల్ వాష్ వాడితే క్రింది పూత కరగదు.

ఉదాహరణ: తమియా షెర్మన్

తమియా సంస్థ 1981లో విడుదల చేసిన 1/35 స్కేలు ఎం4ఏ3 షెర్మన్ ఈ పద్ధతిని అర్థం చేసుకొనుటకు తగిన కిట్. అసలు ట్యాంకు పొడవు సుమారు 5.9 మీటర్లు, నమూనా పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. భాగాలు చక్కగా ఇముడుతాయి. కానీ కొన్ని లోపాలు ఉన్నవి. ట్రాకుల పైకి వెడల్పుగా వచ్చే హల్ భాగానికి అడుగు పలక లేదు. క్రింది నుండి చూస్తే లోపలి ఖాళీ కనిపిస్తుంది. పోత పోసిన టరెట్‌కు ఉండవలసిన గరుకుదనం లేక నున్నగా ఉన్నది.

ప్లాస్టిక్ రేకుతో ఆ అడుగును మూయుట సులభమే గాని ఓఓబీ నియమాల ప్రకారం అది కొత్త భాగం అవుతుంది. నియమానికి కట్టుబడేవారు లోపలి భాగమంతటికీ నల్ల రంగు వేసి ఖాళీ కంటికి ఆనకుండా చేస్తారు. మందమైన అంచులను పలుచ చేయుట మాత్రం అనుమతించబడినదే. నమూనాపై 1 మి.మీ. మందం గల రేకు అసలు వాహనంపై 35 మి.మీ. కవచంతో సమానం కనుక, పలుచని ఉక్కు రేకుతో చేసిన భాగాల అంచులను అరగదీయుట వలన రూపం ఎంతో మెరుగవుతుంది.

ఏ వాహనాన్ని చూపాలి అన్న ఎంపిక మరింత ముఖ్యమైనది. అమెరికా మెరైన్ దళం 1945లో ఇవో జిమా ద్వీపంలో 75 మి.మీ. ఫిరంగి గల ఎం4ఏ3 ట్యాంకులను వాడింది. శత్రు సైనికులు దగ్గరగా వచ్చి పేలుడు పదార్థాలు అంటించకుండా వాటిలో అనేకం పక్కలకు చెక్క పలకలు, మూతలపై మేకులు లేదా ఇనుప పంజరాలు అమర్చుకొన్నవి. ఇవి కిట్‌లో లేవు. అదే కాలంలో ఐరోపాలో పోరాడిన అమెరికా సైన్యపు ఎం4ఏ3లలో అటువంటి మార్పులు లేనివి ఉన్నవి. వాటిలో ఒకదానిని ఎంచుకొంటే ఏ భాగమూ చేర్చకుండానే నమూనా చరిత్రకు సరిపోతుంది. కిట్‌ను వాహనానికి తగినట్లు మార్చే వీలు లేనప్పుడు కిట్‌కు తగిన వాహనాన్ని వెదకుట ఓఓబీ నిర్మాతకు ఉన్న ప్రధాన మార్గం.

భారత సైనిక వాహనాలు

భారత సైన్యపు వాహనాలను నిర్మించదలచిన వారికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. నిజాం రాజ్యపు సైన్యంలో మూలాలు గల డెక్కన్ హార్స్ దళం 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద షెర్మన్ ట్యాంకులతో పోరాడింది. కానీ ఆ యుద్ధంలో భారత సైన్యం వాడిన షెర్మన్లలో 76 మి.మీ. ఫిరంగి గలవి ఉన్నవి. 75 మి.మీ. ఫిరంగి గల పై కిట్‌కు రంగులు, గుర్తులు మార్చినంత మాత్రాన అవి తయారు కావు.

దీనికంటే దగ్గరి అవకాశాలు కొన్ని కలవు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో స్థాపించబడిన మెదక్ ఆయుధ కర్మాగారంలో సోవియట్ రూపకల్పన అయిన బీఎంపీ-2 పదాతి పోరాట వాహనాలు "సరథ్" పేరుతో తయారైనవి. బీఎంపీ-2కు రష్యా సంస్థ జ్వెజ్దా, చైనా సంస్థ ట్రంపెటర్ 1/35 కిట్లు విడుదల చేసినవి. అలాగే తమిళనాడులోని ఆవడిలో "అజేయ" పేరుతో తయారైన టీ-72ఎం1 ట్యాంకుకు తమియా కిట్ కలదు. తాము చూపదలచిన వాహనం ఛాయాచిత్రాన్ని కిట్ భాగాలతో ఒక్కొక్కటిగా పోల్చి, తేడా లేని లేదా అతి తక్కువ తేడా గల వాహనాన్ని ఎంచుకొనవలెను. గుర్తులను డికాల్స్‌తో గాని చేతితో రంగు వేసి గాని చూపవచ్చును.

భిన్నాభిప్రాయాలు

ఈ పద్ధతిపై విమర్శలు కూడా ఉన్నవి. తెలిసిన తప్పును సరిదిద్దకుండా వదలివేయుట చరిత్ర పట్ల నిర్లక్ష్యమని కొందరి వాదన. ఒకప్పటి కిట్లతో పోలిస్తే నేటి కిట్లలో పెట్టెలోనే ఫోటో ఎచ్ రేకులు, విడి లింకుల ట్రాకులు, లోపలి భాగాలు కూడా వస్తున్నవి. అందువలన పాత కిట్‌తో చేసిన నమూనా, కొత్త కిట్‌తో చేసిన నమూనా ఒకే ఓఓబీ విభాగంలో పోటీపడితే ఖర్చు తేడా మళ్ళీ ప్రవేశిస్తుందని మరికొందరు అంటారు.

సమర్థకుల వాదన మరొక విధంగా ఉంటుంది. విడి భాగాలు కొని, అవి అమర్చే నైపుణ్యం చాలక సగంలో ఆగిపోయిన కిట్లు అనేకుల అలమరలలో పేరుకుంటాయి. భాగాల సంఖ్యకు హద్దు ఉన్నప్పుడు పని పూర్తవుతుంది, పూర్తయిన ప్రతి నమూనాతో చేయి కొంత తిరుగుతుంది. పైగా వంకర చక్రాన్ని, పూడ్చని అతుకును ఎంత ఖరీదైన ఇత్తడి భాగమైనా కప్పిపుచ్చలేదు. తీర్పరులు మొదట చూచేది కూడా ఈ ప్రాథమిక అంశాలనే. కొత్తగా నేర్చుకొనేవారు తొలి కొన్ని నమూనాలను ఈ పద్ధతిలో చేయుట మంచిదని అనుభవజ్ఞులలో పలువురు భావిస్తారు.

జాగ్రత్తలు

* ద్రవ సిమెంటు, ఎనామెల్ రంగులు, పలుచన చేసే ద్రావణాలు ఘాటైన ఆవిరిని వెలువరిస్తాయి, మండే స్వభావం గలవి. గాలి బాగా ఆడే చోట, మంటకు దూరంగా వాడాలి.
* రంగును పిచికారీ చేయునప్పుడు తగిన ముసుగు ధరించాలి.
* ప్లాస్టిక్‌ను, పుట్టీని నీటితో తడిపి అరగదీస్తే ధూళి గాలిలోనికి లేవదు.
* కత్తిని ఎల్లప్పుడు చేతికి దూరంగా కదుపుతూ కోయాలి. మొద్దుబారిన అలుగుపై ఎక్కువ బలం వేయవలసి వస్తుంది, అది జారి గాయం చేస్తుంది. కనుక అలుగును తరచుగా మార్చాలి.
* చిన్న పిల్లలు పెద్దల పర్యవేక్షణలో మాత్రమే ఈ పని చేయాలి.