గూడూరులో అమ్మ పింఛన్ ఆగితే ఎవరిని అడగాలి?

మీరు చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మ గూడూరులో ఉంటోంది. ఒంట్లో బాగోలేదని కొన్నాళ్లు మీ దగ్గరికి తెచ్చుకున్నారు. ఆమె తిరిగి ఇంటికెళ్లాక, ఒకటో తేదీన 'మీ పేరు జాబితాలో లేదమ్మా' అని సచివాలయం ఉద్యోగి చెబితే? ఆ పరిస్థితి రాకుండా ఏం చేయాలి? వస్తే ఎక్కడికి వెళ్లాలి?

పింఛన్ ఇచ్చేది ఎవరు?

డబ్బు రాష్ట్ర ప్రభుత్వానిది. పట్టణంలో ఇంటికి తెచ్చిచ్చేది వార్డు సచివాలయం సిబ్బంది. గతంలో ఈ పని వాలంటీర్లు చేసేవారు. 2024 జులై 1న 'ఎన్టీఆర్ భరోసా' పేరుతో పంపిణీ మొదలైనప్పటి నుంచి సచివాలయ ఉద్యోగులే ఇస్తున్నారు. ఒకటో తేదీ ఆదివారమో, సెలవో అయితే ముందు రోజే ఇస్తారు. అందువల్ల వాలంటీరు నంబరు బదులు, మీ వీధికి వచ్చే సచివాలయ ఉద్యోగి నంబరు దగ్గర ఉంచుకోండి.

ఎంత ఇస్తారు?

* వృద్ధులు, వితంతువులు, ఒంటరి మహిళలు, చేనేత కార్మికులు, మత్స్యకారులకు రూ.4,000 (గతంలో రూ.3,000)
* దివ్యాంగులకు రూ.6,000
* డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు రూ.10,000
* పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి రూ.15,000

వృద్ధాప్య పింఛన్‌కు వయసు 60 ఏళ్లు. ఎస్టీలకు 50 ఏళ్లే. యానాది కుటుంబాలు ఎక్కువగా ఉన్న గూడూరు ప్రాంతంలో ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పుగా పడితే అర్హత ఉన్నా ఇబ్బందే. ముందుగా దాన్ని సరిచేయించండి.

ఊళ్లో లేకపోతే?

ఒక నెల తీసుకోకపోతే ఆ డబ్బు పోదు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు. అంటే రూ.4,000 పింఛన్‌దారుకు రూ.12,000 వస్తుంది. మూడు నెలలూ తీసుకోకపోతే మాత్రం శాశ్వతంగా వలస వెళ్లినట్లు లెక్కగట్టి పింఛన్ ఆపేస్తారు.

అందుకే అమ్మను తీసుకెళ్లే ముందు సచివాలయంలో ఒక మాట చెప్పండి. మూడో నెల పంపిణీ రోజుకు ఆమె గూడూరులో ఉండేలా టికెట్ తీసుకోండి. వేలిముద్రో, ముఖమో సరిపోలాలి కాబట్టి ఆమె బదులు మీరు వెళ్తే కుదరదు. రాష్ట్రంలోనే మరో ఊరికి మారితే పింఛన్‌ను అక్కడి సచివాలయానికి బదిలీ చేయించుకోవచ్చు. చెన్నై, బెంగళూరులకు ఆ వీలు లేదు.

నాన్న పింఛన్‌దారు, ఆయన చనిపోతే?

2024 నవంబరు నుంచి ఈ విషయంలో మార్పు వచ్చింది. పింఛన్ తీసుకుంటున్న భర్త చనిపోతే, భార్యకు తర్వాతి నెల నుంచే రూ.4,000 మంజూరు చేసే ఏర్పాటు ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, ఆమె ఆధార్ సచివాలయంలో ఇవ్వాలి. దుఃఖంలో ఈ పని వాయిదా పడటం సహజం. కానీ ఆలస్యమైన కొద్దీ నష్టపోయేది అమ్మే.

దివ్యాంగులకు నోటీసు వస్తే?

2025లో వైద్య బృందాలు దివ్యాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించాయి. వైకల్యం 40 శాతం కన్నా తక్కువని తేలినవారికి నోటీసులు వెళ్లాయి. నోటీసు వచ్చిందంటే అంతా అయిపోయినట్లు కాదు. పట్టణంలో మున్సిపల్ కమిషనర్‌కు, గ్రామాల్లో ఎంపీడీవోకు అప్పీలు చేసుకోవచ్చు. మళ్లీ పరీక్షకు పిలిచిన రోజు పాత సదరం సర్టిఫికెట్, ఆసుపత్రి రికార్డులు వెంట తీసుకెళ్లండి.

ఎవరిని అడగాలి?

1. ముందు వార్డు సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీని కలవండి. ఆపడానికి కారణం ఏమని నమోదైందో అడగండి.
2. అక్కడ తేలకపోతే మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ ఇవ్వండి.
3. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 1100 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు చేయవచ్చు.
4. ఇంట్లో వాళ్లే పెద్దవాళ్లను పట్టించుకోకపోతే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద రెవెన్యూ డివిజన్ అధికారి దగ్గర కేసు వేయవచ్చు. గూడూరు డివిజన్ కేంద్రమే కాబట్టి దూరం వెళ్లనక్కర్లేదు.

ఈసారి అమ్మకు ఫోన్ చేసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: 'చివరిగా పింఛన్ ఏ నెలలో తీసుకున్నావు?'