గాజుతొట్టిలో నీటి నడక

నిలిచిన నీరు చెడునని మన పల్లెలలో చెరువు నెరిగిన ప్రతివానికిని తెలియును. ఇంటిలో చేపలు పెంచువారికిని మొదటి పాఠ మిదియే.

1850లో లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞుడు, చేపలున్న తొట్టిలో నీటిమొక్కను, నత్తలను చేర్చి, మొక్క వెలువరించు ప్రాణవాయువు చేపలకు ఆధారమగునని ప్రకటించెను. 1853లో లండను జంతుశాలలో మత్స్యశాల వెలసెను. 1909లో, నాడు గుంటూరుసీమకును రాజధానియైన చెన్నపట్టణమున, మెరీనా తీరమందు అట్టిదే తెరవబడెను.

అయితే మొక్క రాత్రివేళ తానును ప్రాణవాయువునే పీల్చును. అందుచేతనే పంపు కావలసివచ్చెను. పంపు వాయువును సృజింపదు. అడుగునీటిని పైకి దెచ్చి గాలికి తాకించును. కావున నీరు వెడలు గొట్టమును ఒక కొనను, నీటిమట్టమునకు కొంచెము దిగువగా, పొడుగువైపు చూచునట్లుంచవలెను. పీల్చు మూతి ఎదుటి కొనను అడుగున నుండవలెను. రెండును ఒకేమూల నున్నచో శుభ్రమైన నీరే మరల శుభ్రమగును. తక్కిన మూలలు మురుగును.

ఒంగోలు తీరపు రొయ్యల చెరువులలోను ఇదే న్యాయము. నీటిని చిలుకు చక్రములన్నియు ఒకేదిశగా త్రిప్పిన, మలినము నడుమ చేరును. తెల్లవారుజామున నవి ఆగెనా, పంట పోయి అప్పు మిగులును.

20 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకొనగా, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు తగ్గును. కల్లములలో మిరప యెండు దినములలో చేపలు పైకివచ్చి నోరు తెరచిన, అది తరచుగా ఆకలి కాదు, ఊపిరికై మొర. మేత మాని నీటిని కదలింపుడు.